ఉతకని చొక్కా మీద పేరు

టాటానగర్ దగ్గర సాక్చి బజారులో ఆటల సామాను అమ్మే సేఠ్, అసిరమ్మ పేరు కుట్టి తెచ్చిన జెర్సీని బల్ల మీద పరిచి, వీపు మీద వాలుగా ఉన్న ఇంగ్లీషు అక్షరాలను వేలితో ఒక్కొక్కటే పొడుస్తూ నవ్వాడు.

"యే క్యా హై? సబ్ గిర్ రహా హై" అన్నాడు. అన్నీ పడిపోతున్నాయట.

దుకాణంలో బూట్లు చూసుకుంటున్న కుర్రాళ్లు కూడా నవ్వారు. అసిరమ్మ వెనక మూట పట్టుకుని నిలబడ్డ తవిటమ్మకు అప్పట్లో హిందీ అంతంతమాత్రం. అయినా ఎగతాళి ఏ భాషలో చేసినా తెలిసిపోతుంది. పద వదినా పోదాం అని కొంగు లాగింది. అసిరమ్మ ఆ కొంగును ఆమె చేతిలోంచి లాక్కుని నడుముకు దోపింది.

"గిర్ నహీ రహా, సేఠ్. దౌడ్ రహా హై. నువ్వు గద్దీ మీద కూకున్నట్టు ఆటగాడు గ్రౌండులో కూకుంటాడేటి? పరిగెట్టినోడు ముందుకి వొంగుతాడు. ఆడితో పాటు ఆడి పేరూ వొంగుద్ది!"

సేఠ్‌కు సగం మాటల్లో అర్థమైంది, మిగతాది ఆమె కళ్లలో. వెనక అలమరలోంచి ఇంకో జెర్సీ తీసి పక్కన పడేశాడు. దాని మీద అక్షరాలు నిటారుగా ఉన్నాయి, జిగురుతో అంటించినవి. అక్షరాలంటే ఇలా ఉండాలన్నాడు.

"ఐతే లాగు. ఖీంచో. రెండూ లాగు."

పదిమంది చూస్తున్నారు కదా, సేఠ్‌కు పౌరుషం వచ్చింది. లాగాడు. జిగురు అక్షరం వేగిన అప్పడంలా లేచి చేతికొచ్చింది. తర్వాత అసిరమ్మ అక్షరాన్ని దాని పాదం పట్టుకుని లాగాడు. రాలేదు. రెండో చెయ్యి వేశాడు. మోకాలు బల్లకు ఆనించి, పళ్లు బిగపట్టి లాగాడు. పర్రుమని చిరిగింది. చిరిగింది అక్షరం కాదు, దాని పక్కన చొక్కా. అక్షరం మాత్రం నాలుగు మూలలా కుట్టుతో, మిగిలిన గుడ్డను పట్టుకుని కదలకుండా ఉంది.

"చొక్కా నీది, అచ్చరం నాది" అంది అసిరమ్మ. "క్యా ఫటా, దేఖో! ఏది సిరిగిందో సూడు!"

నవ్విన నోళ్లే మళ్లీ నవ్వాయి, ఈసారి సేఠ్‌ని చూసి. ఆ పూట వాళ్లు తిరిగొచ్చే ఆటోలో తవిటమ్మ నవ్వి నవ్వి మూటను కిందికి జార్చేసుకుంది.

అంత నోరున్న మనిషి. అంత చేయున్న మనిషి. అలాంటామెను ఈ మధ్య నిన్నగాక మొన్న మీసాలొచ్చిన వాళ్లు, శాలువా కప్పి నోరు మూయించాలని చూశారు. దాన్ని తలుచుకుంటే తవిటమ్మకు టిఫిన్ బండి దగ్గర దోసె తిప్పబోయి పెనాన్నే తిప్పేద్దామనిపిస్తుంది.

అసిరమ్మది వంశధార ఒడ్డు పల్లె. రైల్వే గ్యాంగ్‌లో పనిచేసే పైడిబాబును పెళ్లాడి, టాటానగర్ స్టేషన్ అవతలి తెలుగు బస్తీకి వచ్చింది. రెండో తరగతి దాటలేదు, అదీ తెలుగులో. ఇంగ్లీషు అక్షరాలు ఆమెకు ఏ బడీ నేర్పలేదు. ఇంటి ముందు నుంచి రాత్రీ పగలూ గూడ్స్ బళ్లు పోయేవి. ఆ డబ్బాల మీద తెల్లరంగుతో లావుపాటి అక్షరాలు ఉండేవి. గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుకుంటూ వాటిని చూసేది. నిలబడ్డ అక్షరాన్ని ఆమె ఎన్నడూ చూడలేదు. చూసినవన్నీ పోతున్నవే. అందుకే నా చేతికి అలా వచ్చాయి అని ఒకరితో చెప్పేది. గుడ్డను ఐమూలగా కత్తిరిస్తే అంచు పీచు లేవదు, ఒంటితో పాటు సాగుతుంది, అందుకే వాలుగా వచ్చాయి అని ఇంకొకరితో చెప్పేది. ఏది నిజమని తవిటమ్మ అడిగితే, "అడిగినోడి మొకాన్ని బట్టి" అంది.

ఏమైతేనేం, ఆ అక్షరాలు ఆమెవి. లావుగా, కుడివైపుకు వాలి, తల మీదా కాళ్ల కిందా ఇటుకల్లాంటి అడ్డపట్టీలతో ఉంటాయి. పట్టీలను ఆమె పాదాలనేది. పాదాల మూలల్లో సూది అటూ ఇటూ తిరిగి ముడి పడుతుంది, అక్కడే అక్షరానికి బలం. గుడ్డ మీద పెట్టి గీసుకోవడానికి పాత ఎక్స్‌రే కాగితాలతో అచ్చులు కత్తిరించుకుంది. వెలుతురుకు పట్టుకుంటే ఎవరివో పక్కటెముకలు అక్షరాల్లో కనిపించేవి.

బస్తీ కుర్రాళ్లకు ఫుట్‌బాల్ జట్టు ఉంది. వాళ్ల తాతలు ఊరు వదిలినా ఏరు వదల్లేక పెట్టుకున్న పేరు, వంశధార క్లబ్. ఆ జట్టుకు అక్షరాలు కుట్టేది అసిరమ్మే. దానికి ఒక కట్టుబాటు పెట్టింది. కొత్త చొక్కా తెచ్చి పేరు కుట్టమంటే కుట్టదు. పేరు లేని చొక్కా వేసుకుని ఒక ఆట ఆడాలి. ఆడాక ఉతక్కుండా, బురదతో, చెమటతో అలాగే తెచ్చి ఆమె గుమ్మంలో పెట్టాలి. ఆమె దాన్ని తిరగేసి, ఉప్పు చారలు ఎక్కడ కట్టాయో, గుడ్డ ఎక్కడ లాగిందో చూసి, ఆ కుర్రాడి వీపుకు తగ్గట్టు అక్షరాలు కత్తిరించేది. బస్తీలో తల్లులు ఆ చొక్కాను ఉతకబోయి నాలుక కరుచుకుని మళ్లీ దండెం మీద వేసేవాళ్లు. ఒక కోడలుపిల్ల తెలియక ఉతికేసిందని ఆ ఇంటి గుంటడు ఇంకో ఆట ఆడాల్సి వచ్చింది.

"కంపు, వదినా, కంపు! నా సాంబారు వాసన కూడా చచ్చిపోతోంది" అని తవిటమ్మ ముక్కు మూసుకునేది. ఆమె బండి అసిరమ్మ అరుగు పక్కనే.

"ఆడనోడి చొక్కాకి కంపుండదు. ఆడి పేరూ నాకక్కర్నేదు" అనేది అసిరమ్మ.

తవిటమ్మకు కుట్టు రాదు. విప్పడం వచ్చు. ఎవడైనా జట్టు వదిలిపోతే చొక్కా ఇంకో కుర్రాడికి పోయేది. అప్పుడు పాత పేరు విప్పాలి. మధ్యాహ్నం బండి కట్టేశాక, సగం విరిచిన బ్లేడుతో గుడ్డకు గాటు పడకుండా ఒక్కో కుట్టే తెంచేది. విప్పాక చూస్తే అక్షరం ఉన్నచోట గుడ్డ కొత్తదిలా ముదురు రంగుతో ఉండేది. చుట్టూ వెలిసిపోయి ఉండేది. కొత్తవాడు తన పేరు కుట్టించుకునేదాకా పాతవాడి పేరు నీడలా వీపు మీద మోసుకుని ఆడేవాడు.

ఆ క్లబ్బుకు ఇప్పుడు సెక్రటరీ హరికిరణ్. ఒకప్పుడు కుడివైపు గీత పట్టుకుని రైలులా పరిగెత్తినవాడు. వాడి కుడిభుజం గూడు వదిలేస్తుండేది. ఒకసారి వాడు తెచ్చిన మట్టిచొక్కాను అసిరమ్మ చాలాసేపు చూసింది. భుజం కింద ఒకచోట గుడ్డ అరిగి ఉంది. వాడి పేరులోని రెండో ఆర్ అక్షరం కుడికాలు సరిగ్గా అక్కడికే వస్తుంది. పాదం కింద కుట్టు ముడి గట్టిగా ఉంటుంది, ఎముకకు గుచ్చుకుంటుంది. కుట్టింది, వేయించి చూసింది, విప్పమంది. మళ్లీ కుట్టింది, మళ్లీ విప్పమంది. తవిటమ్మ తిట్టుకుంటూ విప్పింది. చివరికి ఆ ఒక్క కాలూ పొట్టిగా కత్తిరించి, పాదం లేకుండా మొండిగా వదిలేసింది. ఆమె జీవితంలో పాదం లేని అక్షరం అదొక్కటే.

"గుంటడికి నొప్పెట్టకూడదు గదే" అంది.

కిందటి వానాకాలం అసిరమ్మకు పక్షవాతం తగిలి కుడిచెయ్యి పడిపోయింది. నోటికేం కాలేదు. కుట్టుమిషను మాత్రం మూలపడింది.

అప్పుడొచ్చాడు నారాయణమూర్తి. ఆదిత్యపూర్‌లో చిన్న కార్ఖానాలకు కూలీలను సరఫరా చేసే కాంట్రాక్టరు. తెలుగువాడే, శ్రీకాకుళం వాడే. బంతిని కాలితో తన్నిన పాపాన పోలేదు. జట్టు మొత్తానికి కొత్త జెర్సీలు తానిస్తానన్నాడు. వీపు మీద పైన తన పేరు, కింద కుర్రాడి పేరు, అదే అక్షరాలతో కావాలన్నాడు. అచ్చులు అడగడానికి కారులో వచ్చి అరుగు ముందు దిగాడు.

"ఏ పొజిషన్ ఆడతావు బావూ?" అని అడిగింది అసిరమ్మ, ఎంతో మర్యాదగా.

తవిటమ్మ నవ్వు ఆపుకోలేక చట్నీ గిన్నెలోకి దగ్గింది.

"నేను ఆడటమేటమ్మా? స్పాన్సర్‌ని!"

"ఐతే ఒక ఆటాడి, ఉతక్కుండా చొక్కా తే. లేదంటే గోడ మీద రాయించుకో. ఈపు నీది కాదు. ఆటగాడిది."

నారాయణమూర్తి మొహం కందగడ్డలా అయింది. కారెక్కి తలుపు దబాల్న వేసుకుని వెళ్లిపోయాడు. తవిటమ్మ ఆ పూట వచ్చినవాళ్లందరికీ ఆ ముచ్చట చెప్పి, అడగకుండానే ఇంకో గరిటెడు సాంబారు పోసింది. ఇదీ గెలిచాం అనుకుంది. పిచ్చిమొహం.

కొన్నాళ్లకు ఒకనాడు పొద్దున్నే కుర్రాళ్లు గుంపుగా బండి దగ్గరకు వచ్చారు, కొత్త జెర్సీలతో. ఒకడు ఇటు తిరిగి ఇడ్లీ అందుకుని అటు తిరిగాడు. తవిటమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

వాడి వీపు మీద అసిరమ్మ అక్షరాలు. అదే లావు, అదే వాలు, అవే ఇటుకల్లాంటి పాదాలు. వాడి కాలరు పట్టుకుని వెనక్కి లాగింది.

"ఎవుల్రా కుట్టారు?"

"కుట్టడం క్యా, మామ్మా? ప్రింట్ హై. ఛోడో నా!"

వేలు పెట్టి తడిమింది. దారం లేదు, ముడి లేదు. పాముచర్మంలా నున్నగా ఉంది. పైన పెద్ద పేరు ఎవరిదిరా అంటే, నారాయణమూర్తిది అన్నాడు. తవిటమ్మకు ఏబీసీడీలు చదవడం రాదు. కానీ విప్పి విప్పి అరిగిపోయిన వేళ్లు ఆమెవి. ఆ పెద్ద పేరులో ఒకచోట ఒక అక్షరం కుడికాలికి పాదం లేదు. ఇంకాస్త ముందుకెళితే మళ్లీ అదే అక్షరం, మళ్లీ అదే మొండికాలు. ఇంకొకడిని తిప్పి చూసింది. వాడికీ అంతే. జట్టు జట్టంతా, ఆ అక్షరం ఎక్కడుంటే అక్కడ కుంటుతోంది.

అసిరమ్మ అచ్చులు ఇవ్వదు కాబట్టి హరికిరణ్ తన పాత చొక్కానే ఫోటో తీసి ఇచ్చాడన్నమాట. వాడికి నొప్పి పెట్టకూడదని కోసిన కాలునే పట్టుకుపోయి ఎవడికో అమ్ముడుపోయాడన్నమాట! పెనం మీద దోసె మాడి పొగలొస్తున్నా తవిటమ్మ చూడలేదు.

క్లబ్బు గది రేకుల షెడ్డు. గుమ్మం పైన ఎర్రటి బేనరు ఏళ్ల తరబడి వేలాడుతోంది. దాని మీద పసుపుపచ్చ గుడ్డతో వంశధార అని ఇంగ్లీషులో, అసిరమ్మ కుట్టిందే. దాని కిందినుంచే ఇద్దరూ లోపలికి వెళ్లారు, అసిరమ్మ తవిటమ్మ భుజం పట్టుకుని. లోపల హరికిరణ్, నారాయణమూర్తి కూర్చుని టీ తాగుతున్నారు. హరికిరణ్ లేచి కుర్చీ వేశాడు. కాళ్లకు దణ్ణం కూడా పెట్టాడు, వెధవ.

"మౌసీ, ఆప్ కా హాథ్ నహీ చల్తా" అన్నాడు, ఎంతో ప్రేమ ఒలకబోస్తూ. మీ చెయ్యి ఆడటం లేదు కదా పిన్నీ అని. "మీ అచ్ఛర్ జిందా ఉండాలి, బతకాలి కదా. అందుకే కంప్యూటర్‌లో వేయించాం. ఏ టు జెడ్ మొత్తం. ఇప్పుడు ఎవరైనా టైప్ చేసుకోవచ్చు."

"నాను కుట్టనివి కూడా ఉన్నాయేటి?"

"మీరు కుట్టనివి కంప్యూటర్ వాళ్లు మీ లెక్కలోనే తయారు చేశారు."

"మరి దానికో పేరెట్టుంటారు గదా. ఏటి పేరు?"

హరికిరణ్ టీ గ్లాసులోకి చూశాడు. నారాయణమూర్తికి అలాంటి మొహమాటాలు లేవు. ఫోను తీసి చూపించాడు. "ఫాంట్ పేరు నారాయణ్ బోల్డ్, అమ్మా. బాగుంది కదా?"

తవిటమ్మ తన వదిన నోట్లోంచి ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అని ఎదురుచూసింది. సేఠ్‌ని చీల్చిన నోరు కదా. అసిరమ్మ మాత్రం కొత్త జెర్సీతో గుమ్మంలో నిలబడ్డ కుర్రాడిని పిలిచి వెనక్కి తిప్పింది. ఎడమచేతి వేలితో ఆ మొండికాలును చూపించింది.

"హరీ, ఈ కుంటికాలు ఎవుల్ది బావూ?"

వాడి చెయ్యి తనకు తెలియకుండానే కుడిభుజం మీదికి పోయింది. ముట్టుకుని, వెంటనే దింపేసుకున్నాడు.

"వో తో డిజైన్ హై, మౌసీ."

"స్టైల్ అమ్మా అది, స్టైల్!" అన్నాడు నారాయణమూర్తి. "కంప్యూటర్ వాళ్లు అదే బాగుందన్నారు. అయినా ఎందుకింత కోపం? ఆదివారం పోటీలు మొదలు. ఆ బేనరు కిందే నీకు శాలువా కప్పుతాను. ఫోటో కూడా తీయిస్తాను. పేపర్లో వస్తుంది."

"కుంటి పేరోడా!" అంది తవిటమ్మ, ఇక ఆగలేక. "నీ పేరు రెండుసోట్ల కుంటతంది, సూసుకున్నావా? ఒక్క ఆటాడనోడివి, పదిమంది ఈపులెక్కి ఊరేగుతావా? సిగ్గునేదా?"

వాళ్లకు సిగ్గెక్కడిది? నవ్వారు. తిట్టినా నవ్వేవాడితో ఏం పోట్లాడతాం? లాగితే చిరిగే చొక్కా కూడా కాదు. మామ్మకి టీ ఇవ్వండిరా అన్నాడు హరికిరణ్. పంచదార ఎక్కువేసిన టీ. తవిటమ్మ దాన్ని గుమ్మం బయట పారబోసి వచ్చింది.

ఇంటికి వచ్చాక అసిరమ్మ మాట్లాడలేదు. ఆ మర్నాడూ అంతే. గూడ్స్ బళ్లు పోతుంటే గుమ్మంలో కూర్చుని చూస్తూ ఉంది. చేసినవాళ్ల మీద కంటే నోరెత్తని వదిన మీదే తవిటమ్మకు ఎక్కువ మండింది.

"ఏటి వదినా, సాలువా కప్పించుకుంటావేటి? సెప్పు, మంచి సీర తీసి ఇస్త్రీ సేయిత్తాను. ఆడి పక్కన నిలబడి పళ్లికిలించు!" అని శనివారం మధ్యాహ్నం బండి కట్టేస్తూ అరిచింది.

అసిరమ్మ తిరిగి చూసింది.

"నీ బ్లేడు ఉందేటే?"

"ఏటి?"

"సగం బ్లేడు. ఉందా?"

"ఉన్నాది. ఎవుల గొంతు కొయ్యాలి?"

"రేపు ఆల్లు నన్ను కుర్సీలో కూకోబెట్టి, ఆడు సాలువా ఇప్పగానే, నువ్వు స్టూలేసుకుని ఎక్కు. బేనరు మీద నా అచ్చరాలు అన్నీ ఇప్పేయి. ఒక్కొక్కటీ. తొందర పడకు, గుడ్డకి గాటెట్టకు. నువ్వెప్పుడూ ఇప్పినట్టే ఇప్పు."

తవిటమ్మ తాడు ముడి వేస్తూ ఆగిపోయింది. బస్తీ అంతా ఉంటుంది. ఆ కుర్రాళ్లే రోజూ ఆమె బండి దగ్గర తినేది. రేపటినుంచి ఒక్కడూ రాకపోవచ్చు.

"క్లబ్బు పేరు పీకేసిందని బస్తీ నన్ను సంపేత్తాది, వదినా. మన తాతలు ఎట్టుకున్న పేరు గదా."

"పేరెక్కడికి పోద్దే? ఆ ఎర్రగుడ్డ ఎన్నేళ్లుగా ఎండకి ఎలిసిపోయింది? నా అచ్చరాల కింద మటుకు ఎండ తగల్నేదు. ఇప్పి సూడు, వంశధార అని ఎర్రగా నిలబడుద్ది. క్లబ్బు పేరు క్లబ్బుకే వదిలేత్తన్నాను. నా గుడ్డా, నా దారం నాను పట్టుకుపోతన్నాను. అంతే."

తవిటమ్మ కళ్ల ముందు అది కనబడింది. వెలిసిన గుడ్డ మీద ముదురు ఎరుపులో, లావుగా, ముందుకు వాలి, ఎవడు ఫోటో తీసి ఎత్తుకుపోయినా మళ్లీ కుట్టలేని పేరు. రెండురోజులుగా నోరు మూసుకుని ఇదన్నమాట ఈ మహాతల్లి కుట్టుకుంటున్నది!

"మరి ఇప్పినవి ఏటి సేయమంటావు? మూట కట్టి తేనా?"

"అన్నీ తే. ఆర్ అచ్చరం ఒక్కటి మటుకు తేకు." అసిరమ్మ పడిపోయిన కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి ఒళ్లో సర్దుకుంది. "బేనరు మీదున్నదానికి రెండు కాళ్లూ ఉన్నాయి, రెండిటికీ పాదాలున్నాయి. అది పట్టుకెళ్లి, అందరూ సూత్తుండగా, ఆ నారాయణమూర్తి సేతిలో ఎట్టు. నీ పేరు కుంటుతున్నకాడ ఇది కుట్టుకోమను."